యుద్ధం వదిలిన యంత్రం, సిలోన్ అందుకున్న పాట

(ప్రసార చరిత్ర ధారావాహిక: ఏడో భాగం)

గత భాగంలో న్యూయార్క్‌ దగ్గర ఆగాం. 1922 ఆగస్టు 28న అక్కడి డబ్ల్యూఈఏఎఫ్ స్టేషన్ తన ప్రసారంలో పది నిమిషాలను ఒక ఇళ్ళ నిర్మాణ కంపెనీకి 50 డాలర్లకు అమ్మింది. రేడియోలో సమయాన్ని సరుకుగా అమ్మడం అలా మొదలైంది. ఈసారి మన పొరుగుకే వస్తున్నాం. 1950 సెప్టెంబర్ 30న కొలంబోలో రేడియో సిలోన్ వాణిజ్య విభాగం ప్రసారాలు ప్రారంభించింది. రేడియో సిలోన్ అనే మాట వినగానే తెలుగునాట అరవై దాటినవాళ్ళలో చాలామంది ముఖాలు ఇవాళ్టికీ విప్పారతాయి. హిందీ పాటలంటే చెవి కోసుకునేవాళ్ళకు బుధవారం రాత్రి వచ్చే బినాకా గీత్‌మాలా గుర్తొస్తుంది. తెలుగు పాటల కోసం ఆ స్టేషన్ పట్టుకున్నవాళ్ళకు మీనాక్షి పొన్నుదురై గారి గొంతు గుర్తొస్తుంది.

ఆ జ్ఞాపకాలు చాలామంది చెప్పారు. స్టేషన్ పుట్టిన తీరు మాత్రం అంతగా చెప్పుకోలేదు. అందులో మూడు దేశాల చెయ్యి ఉంది. బ్రిటన్ యుద్ధ అవసరాల కోసం నిలబెట్టిన ట్రాన్స్‌మిటర్ ఒకటి. వాణిజ్య ప్రసారాన్ని నడపడానికి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మనిషి ఒకరు. ఇక ఢిల్లీలో మన మంత్రి ఒకాయన తీసుకున్న నిర్ణయం ఒకటి. మొదటి రెండూ లేకపోతే స్టేషనే లేదు. మూడోది లేకపోతే అది మన ఇళ్ళలోకి అంతగా వచ్చేది కాదు. అందుకే ఈ భాగంలో ఎక్కువ చోటు దానికే ఇస్తాను.

ముందు సిలోన్ సంగతి. ఆ ద్వీపం రేడియోకి కొత్త కాదు. ఎడ్వర్డ్ హార్పర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1921లో కొలంబో టెలిగ్రాఫ్ శాఖకు చీఫ్ ఇంజనీరుగా వచ్చాడు. రెండేళ్ళు తిరక్కుండానే సెంట్రల్ టెలిగ్రాఫ్ ఆఫీసులోని ఓ గదిలోంచి గ్రామఫోన్ సంగీతాన్ని ప్రయోగాత్మకంగా ప్రసారం చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టుబడిన ఒక జర్మన్ జలాంతర్గామి రేడియో భాగాలతో ఆ ట్రాన్స్‌మిటర్‌ను కూర్చారని చెబుతారు. 1925 డిసెంబర్ 16న గవర్నర్ సర్ హ్యూ క్లిఫర్డ్ చేతుల మీదుగా కొలంబో రేడియో అధికారికంగా మొదలైంది. బీబీసీ పుట్టి అప్పటికి మూడేళ్ళు. బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ తెరుచుకున్నది 1927 జులైలో. ప్రసారాల విషయంలో కొలంబో మన మహానగరాలకంటే వెనుకబడి లేదనడానికి ఈ తేదీలే సాక్ష్యం.

అయినా పాతికేళ్ళపాటు అది స్థానిక స్టేషన్‌గానే ఉండిపోయింది. సముద్రం దాటి వినిపించే శక్తి దానికి రెండో ప్రపంచ యుద్ధం తెచ్చిపెట్టింది.

1944లో లార్డ్ మౌంట్‌బాటన్ నాయకత్వంలోని ఆగ్నేయాసియా మిత్రసేనల కమాండ్ తన కేంద్ర స్థానాన్ని ఢిల్లీ నుంచి క్యాండీకి మార్చుకుంది. బర్మా అడవుల్లో, సముద్రం మీద, అస్సాం సరిహద్దుల్లో ఉన్న సైనికులకు వార్తలూ పాటలూ వినిపించడానికి కొలంబోలో రేడియో సియాక్ అనే స్టేషన్ పెట్టారు. ఇళ్ళకు దూరంగా, జ్వరాలతో, వానలతో పోరాడుతున్న కుర్రాళ్ళకు ఇంటి గొంతు వినిపించడం ఆయుధాలు పంపడమంత అవసరమని సేనానులు గుర్తించారు. చిన్న ట్రాన్స్‌మిటర్‌తో మొదలైన ఆ స్టేషన్ కోసం కొలంబోకు ఉత్తరాన ఏకల అనే చోట 100 కిలోవాట్ల మార్కోనీ షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్‌ను నిలబెట్టే పని పెట్టుకున్నారు. ఆ పని పూర్తయి యంత్రం గొంతు విప్పేసరికి 1946 వచ్చింది. జపాన్ లొంగిపోయింది 1945 ఆగస్టులో. ఏ యుద్ధం కోసం తెప్పించారో ఆ యుద్ధం ముగిశాక ఆ మహాయంత్రం పనిలోకి దిగింది.

షార్ట్‌వేవ్ తరంగం నడిచే తీరు ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. మీడియంవేవ్ తరంగాలు పగటిపూట ప్రధానంగా నేలను అంటిపెట్టుకుని సాగుతాయి, స్టేషన్‌కి దూరమైనకొద్దీ నీరసిస్తాయి. షార్ట్‌వేవ్ పైకి వెళ్ళి, వందల కిలోమీటర్ల ఎత్తున ఉండే అయనోవరణం అనే పొరను తాకి వంగి, మళ్ళీ భూమికి దిగుతుంది. చెరువులో పెంకు విసిరితే అది నీళ్ళ మీద కప్పగంతులు వేసుకుంటూ పోయినట్టు, ఆ తరంగం మధ్యలో కొంత నేలను వదిలేసి ఎక్కడో దూరాన వాలుతుంది. ఏకల నుంచి విజయవాడ, హైదరాబాదు వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరం. ఢిల్లీ రెండు వేల కిలోమీటర్ల పైమాటే. అయినా సాయంత్రం వేళ ఆ ఊళ్ళలో కొలంబో స్పష్టంగా పలికేది. మధ్యమధ్య గొంతు సన్నబడి మళ్ళీ పుంజుకునేది. ఆ ఎగుడుదిగుడులన్నీ అయనోవరణం పనే.

సిలోన్‌కి 1948 ఫిబ్రవరి 4న స్వాతంత్ర్యం వచ్చింది. 1949లో రేడియో సియాక్ మూతబడి, ఆ ట్రాన్స్‌మిటర్లు సిలోన్ ప్రభుత్వానికి దక్కాయి. అదే ఏడాది అక్టోబర్ 1న రేడియో సిలోన్ ప్రత్యేక ప్రభుత్వ శాఖగా ఏర్పడింది. జాన్ లాంప్సన్ తొలి డైరెక్టర్ జనరల్. చేతిలో ఆసియా సగానికి వినిపించగల యంత్రం ఉంది. దేశ జనాభా చూస్తే కోటికి లోపు. సొంత ప్రజలకు అంత యంత్రం అక్కర్లేదు. ఊరకే ఉంచితే ఖర్చు. నడిపితే ఇంకా ఖర్చు.

అప్పుడు కొత్త ప్రభుత్వం చేసిన ఆలోచన నాకు ఎంతో మెచ్చదగినదిగా కనిపిస్తుంది. సొంత ప్రజల కోసం సింహళ, తమిళ, ఇంగ్లీషు భాషల్లో జాతీయ విభాగాన్ని ప్రకటనలు లేకుండా ఉంచారు. వాణిజ్య విభాగాన్ని విడిగా పెట్టి, పొరుగు దేశాల శ్రోతల వైపు తిప్పి, ప్రకటనలతో దాని ఖర్చు అదే సంపాదించుకునేటట్టు చేశారు. ప్రజాసేవనూ వ్యాపారాన్నీ ఒకే గొంతులో కలిపేయకుండా రెండు గదులుగా కట్టుకున్న ఈ పద్ధతి అప్పటి ఆసియాలో అరుదు. మనదేశం ఇలాంటి ఏర్పాటుకు రావడానికి ఇంకో పదిహేడేళ్ళు పట్టింది.

వాణిజ్య విభాగం బాధ్యత ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్లిఫర్డ్ డాడ్‌కు అప్పగించారు. బ్రిటన్‌లో అప్పటికి బీబీసీది గుత్తాధిపత్యం, ప్రకటన అన్న మాటకే చోటు లేదు. ఆస్ట్రేలియాలో మాత్రం ప్రభుత్వ స్టేషన్లూ ప్రకటనలతో నడిచే స్టేషన్లూ పక్కపక్కనే ఉండేవి. అందువల్ల ఆ పని తెలిసిన మనిషి కోసం లండన్ వైపు చూడకుండా ఆస్ట్రేలియా వైపు చూడటం సరైన ఎంపిక. డాడ్‌కు తోడుగా లివీ విజేమాన్న వంటి స్థానిక ప్రతిభావంతులు నిలబడ్డారు. గొంతు బాగున్న యువతీయువకులను వెతికి, మైకు ముందు ఎలా మాట్లాడాలో నేర్పి తయారుచేశారు. శ్రోతతో అధికారిలా కాక ఇంటి మనిషిలా మాట్లాడే తీరు కొలంబోలో అలా రూపుకట్టింది.

ఇంత సరంజామా ఉన్నా, మొదట్లో వాణిజ్య విభాగం ఎంత దూరం పోతుందో ఎవరూ జోస్యం చెప్పలేని స్థితి. ప్రకటనలిచ్చే కంపెనీలకు శ్రోతలు కావాలి. శ్రోతలకు తమ ఊరి స్టేషన్ వదిలి కొలంబో వైపు ముల్లు తిప్పడానికి కారణం కావాలి. ఆ కారణాన్ని 1952లో ఢిల్లీ ఇచ్చింది.

ఆ ఏడాది బి.వి. కేస్కర్ సమాచార, ప్రసార మంత్రి అయ్యారు. పారిస్‌లో చదువుకున్నవారు, హిందుస్తానీ సంగీతం నేర్చినవారు. సంస్థానాలు పోయాక శాస్త్రీయ సంగీతానికి పోషకులు కరువయ్యారనీ, ఆ బాధ్యత ఇక రేడియోదేననీ ఆయన గట్టిగా నమ్మారు. ఆ నమ్మకాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. 1952లో మొదలైన జాతీయ సంగీత కార్యక్రమం ఉత్తరాది పండితులను దక్షిణాదికీ, మన విద్వాంసులను ఉత్తరాదికీ పరిచయం చేసింది. రవిశంకర్ నడిపిన వాద్యబృందం కూడా ఆయన కాలానిదే. మన ద్రాక్షారామం వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు తర్వాత ఆ వాద్యబృందంలో గొప్ప రచనలు చేశారు. సంగీతకారుడికి నెలనెలా జీతం, దేశమంతా గుర్తింపు రేడియో వల్ల దొరికాయంటే అందులో కేస్కర్ వాటా పెద్దది.

అయితే శాస్త్రీయ సంగీతాన్ని పెంచాలంటే సినిమా పాటను కుదించాలని కూడా ఆయన అనుకున్నారు. సినిమా సంగీతానికి కార్యక్రమాల సమయంలో పదోవంతుకు మించి ఇవ్వకూడదన్నారు. వేసే పాటలను ముందుగా వడపోయించారు. పాటకు ముందు సినిమా పేరు చెబితే ఆ సినిమాకు ఉచితంగా ప్రచారం చేసినట్టవుతుందని, పాడినవారి పేరుతో సరిపెట్టమన్నారు. నిర్మాతలకు అది మింగుడుపడలేదు. తమ పాట ప్రసారమవుతూ తమ సినిమా పేరు వినిపించకపోతే తమకేం లాభమని, నిర్మాతల సంఘం ప్రసార హక్కులను వెనక్కి తీసుకుంది. కొద్ది నెలల్లోనే ఆల్ ఇండియా రేడియోలో సినిమా పాట వినబడకుండా పోయింది.

ఆ సమయం ఎలాంటిదో తెలుగువాళ్ళం గుర్తుచేసుకోవాలి. 1951లో పాతాళ భైరవి, మల్లీశ్వరి వచ్చాయి. 1952లో పెళ్ళిచేసి చూడు. 1953లో దేవదాసు. ఘంటసాల, సాలూరి రాజేశ్వరరావు, సుబ్బరామన్ బాణీలు వీధివీధినా పాడుకుంటున్న రోజులు. రాగం తెలియని పల్లెటూరి మనిషి నోట కూడా కర్ణాటక రాగాల ఛాయలు పలికించిన పాటలవి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలై అప్పటికి నాలుగేళ్ళు కూడా నిండలేదు. హైదరాబాదులోని నిజాం కాలపు దక్కన్ రేడియో ఆల్ ఇండియా రేడియోలో కలిసింది 1950 ఏప్రిల్‌లోనే. మన రెండు కేంద్రాలూ లేత వయసులో ఉండగా, మన సినిమా సంగీతం నిండు యవ్వనంలో ఉండగా, రెండింటి మధ్యా తలుపు వేసేశారు. కేస్కర్ ఆశయం పెద్దది, ఒప్పుకుంటాను. కానీ సినిమా పాటల్లో మంచిదీ చెడ్డదీ ఏరి చూసే ఓపిక ఆ నిర్ణయంలో లేదు. సామాన్యుడి చెవికి తీర్పు చెప్పే అర్హత ఉందన్న నమ్మకం అసలే లేదు.

కొలంబో ఆ తలుపు పక్కనే ఉన్న కిటికీ తెరిచింది. అక్కడ సినిమా పాటకు నిషేధం లేదు, సినిమా పేరు చెప్పడానికి అడ్డులేదు, ప్రకటనకు అభ్యంతరం లేదు. ఆల్ ఇండియా రేడియో అప్పట్లో ప్రకటనలు తీసుకునేది కాదు. ఇక్కడి కంపెనీలు తమ సరుకు గురించి గొంతెత్తి చెప్పుకోవాలంటే సముద్రం దాటక తప్పలేదు. శ్రోతలూ ప్రకటనదారులూ ఒకేసారి ఒకే స్టేషన్ చేరారు. ప్రసార చరిత్రలో ఇంత అనువైన సందర్భం మరో వాణిజ్య స్టేషన్‌కు దొరికినట్టు నాకు కనిపించదు.

కార్యక్రమాలు చాలావరకు బొంబాయిలో తయారయ్యేవి. డాన్ మొలీనా అనే అమెరికన్ అక్కడ రేడియో అడ్వర్టైజింగ్ సర్వీసెస్ అనే సంస్థ పెట్టాడు. హమీద్ సయానీ అందులో ముఖ్య నిర్మాత. సెయింట్ జేవియర్స్ కాలేజీ ఆవరణలో ఉన్న స్టూడియోలో కార్యక్రమాలను టేపు మీదకు ఎక్కించి, విమానంలో కొలంబో పంపేవారు. అక్కడి నుంచి ఏకల ట్రాన్స్‌మిటర్ వాటిని తిరిగి మనదేశానికి పంపేది. బొంబాయిలో పలికిన మాట బొంబాయి శ్రోతకు చేరడానికి పొరుగు దేశం దాకా వెళ్ళి రావలసి వచ్చింది.

హమీద్ తమ్ముడు అమీన్ ఆ స్టూడియో చుట్టూ తిరుగుతుండేవాడు. ఒకరోజు ఓవల్టీన్ ఫుల్వారీ కార్యక్రమానికి ప్రకటన చదివే మనిషి కుదరక ఈ కుర్రాణ్ణి చదవమన్నారట. ప్రతిఫలంగా ఒక చిన్న ఓవల్టీన్ డబ్బా ఇచ్చారని అమీన్ సయానీ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. సీబా కంపెనీ తన బినాకా టూత్‌పేస్టు కోసం హిందీ పాటల కార్యక్రమం అనుకున్నప్పుడు పారితోషికం వారానికి 25 రూపాయలు. సమర్పణా, రచనా, ఉత్తరాలు చూసుకోవడం అన్నీ ఒక్కరే చేయాలి. అనుభవం ఉన్నవాళ్ళు వెనకాడారు. ఇరవై ఏళ్ళు కూడా నిండని అమీన్ ఒప్పుకున్నాడు. 1952 డిసెంబర్ 3న బినాకా గీత్‌మాలా మొదలైంది.

మొదట అది అరగంట కార్యక్రమం. ఏడు పాటలు వరస లేకుండా వేసి, వాటికి సరైన వరస కట్టి పంపమని శ్రోతలను అడిగేవారు. గెలిచినవారికి 100 రూపాయలు. తొలి ప్రసారానికే తొమ్మిది వేల ఉత్తరాలు వచ్చాయి. ఏడాదిలోగా ఆ సంఖ్య వారానికి 65 వేలకు చేరిందని అమీన్ చెప్పేవారు. అన్ని ఉత్తరాలు చూడటం ఒక్క మనిషివల్ల అయ్యే పని కాదు. ఆ తర్వాత పోటీ పద్ధతి మానేసి, పాటల అమ్మకాలనూ శ్రోతల సంఘాల అభిప్రాయాలనూ కలిపి వారం వారం పాటలకు స్థానాలు కట్టే పద్ధతికి మారారు, నిడివీ గంటకు పెంచారు. బీహారులో అభ్రకం గనుల ఊరు ఝుమ్రీ తలైయా కోరిన పాటల ఉత్తరాలతోనే దేశమంతా పేరు తెచ్చుకుంది. ఇవాళ ఆ ఊరు ఝార్ఖండ్‌లో ఉంది.

అమీన్ భాష గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆయన తల్లి కుల్సుం సయానీ గాంధీజీ ప్రోత్సాహంతో రహబర్ అనే పత్రికను దేవనాగరి, ఉర్దూ, గుజరాతీ లిపుల్లో నడిపారు. అందరికీ అర్థమయ్యే తేలిక హిందుస్తానీ దాని ఆదర్శం. కొడుకు ఆ పత్రిక పనిలో సాయపడుతూ పెరిగాడు. అదే కాలంలో మన ప్రభుత్వ రేడియో వార్తల్లో సంస్కృతం బరువెక్కిన హిందీ వినిపిస్తుండగా, కొలంబో మీదుగా వచ్చిన హిందుస్తానీ హిందీ రాని తెలుగు ఇళ్ళలో కూడా అర్థమయింది. బడిలో హిందీ నేర్పకముందే ఎందరో తెలుగు పిల్లలు దాన్ని ఆ పాటల మధ్య మాటల్లోంచి పట్టుకున్నారు. అదే స్టేషన్‌లో లిప్టన్ కీ మెహ్ఫిల్ నడిపిన బలరాజ్ దత్ అనే యువకుడు 1955లో సునీల్ దత్ పేరుతో తెర మీదకు వచ్చాడు.

తెలుగు పాటలకూ తర్వాతి కాలంలో కొలంబోలో వేళ కేటాయించారు. పరాయి దేశపు స్టేషన్ మన భాషలో పలకరించి మన పాట వినిపించడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. మీనాక్షి పొన్నుదురై గారు పాట పేరు, సినిమా పేరు, పాడినవారి పేరు, కోరినవారి పేర్లు శ్రద్ధగా చదివేవారు. సిలోన్‌లో తన పేరు వినిపించిందంటే పాట కోరిన కుర్రాడికి ఊళ్ళో గౌరవం పెరిగేది. ఇళ్ళలో రేడియోలు తక్కువ. లైసెన్సు పోస్టాఫీసులో కట్టాలి. వాల్వు సెట్టు కొనడం కలిగినవారికే సాధ్యం. అందుకని కాఫీ హోటళ్ళ ముందూ పంచాయతీ ఆఫీసు అరుగుల మీదా గుమిగూడి వినేవారు. అరవైల్లో ట్రాన్సిస్టర్లు చౌకబడ్డాక ఆ పాట పొలం గట్టు మీదకు కూడా చేరింది.

నిషేధం వల్ల మనకొక మేలూ జరిగింది. సినిమా పాట ఖాళీ చేసిన చోటును నింపడానికి రేడియో కేంద్రాలు సొంతంగా లలిత సంగీతం తయారుచేయవలసి వచ్చింది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు మద్రాసు కేంద్రంలో ముందే వేసిన ఆ బాట ఈ కాలంలో విశాలమైంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి వంటి కవుల గీతాలు రేడియో ద్వారా ఇంటింటి పాటలయ్యాయి. తెలుగు లలిత సంగీతం ఇవాళ మన చేతిలో ఉన్న నిధి. కానీ ఆ నిధి కోసం సినిమా పాటను వెళ్ళగొట్టాల్సిన అవసరమేమీ లేదు. రెండూ పక్కపక్కన బతకగలవని మన శ్రోతలే చూపించారు. ఉదయం విజయవాడలో భక్తి గీతం విని, సాయంత్రం కొలంబోలో ఘంటసాలను విన్నది ఒకే ఇల్లు.

ఢిల్లీ చివరికి దిగివచ్చింది. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలైంది. కవి నరేంద్ర శర్మ దానికి రూపమిచ్చారు. అప్పటికి మంత్రి కేస్కరే. సినిమా పాటను బయటికి పంపిన ఆయన హయాములోనే సినిమా పాటల కోసం ప్రత్యేక విభాగం ఏర్పడింది. ప్రకటనలు తీసుకోవడానికి మరో పదేళ్ళు ఆగి, 1967 నవంబర్ 1న బొంబాయి, పుణె, నాగపూర్ కేంద్రాలతో ఆ పనీ ప్రారంభించారు. అదే ఏడాది జనవరిలో రేడియో సిలోన్ ప్రభుత్వ శాఖ స్థానంలో సిలోన్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ వచ్చింది. ప్రకటనలు క్రమంగా ఇటు మళ్ళాయి. గీత్‌మాలా 1989లో వివిధ భారతికి మారింది. అమీన్ సయానీ 2024 ఫిబ్రవరి 20న కన్నుమూశారు.

రేడియో సిలోన్‌ను మన పొరపాటు మీద లాభపడిన స్టేషన్ అనేవాళ్ళున్నారు. అది సగం నిజం. ఢిల్లీ నిర్ణయం అవకాశాన్ని మాత్రమే ఇచ్చింది. శ్రోత కోరినదాన్ని శ్రద్ధగా, శుభ్రమైన మాటతో, వేళ తప్పకుండా ఇవ్వడం కొలంబో సొంత కష్టం. స్వాతంత్ర్యం వచ్చి రెండున్నరేళ్ళయిన ఒక చిన్న దేశం, సైన్యం వదిలివెళ్ళిన యంత్రంతో, ఉపఖండానికంతటికీ పాటల ఇల్లయింది.

పాఠకులకు ఒక విన్నపం. గీత్‌మాలా గురించి హిందీలో, ఇంగ్లీషులో పుస్తకాలూ ఇంటర్వ్యూలూ ఉన్నాయి. సిలోన్ తెలుగు ప్రసారాల చరిత్ర మాత్రం ఇంకా మన ఇళ్ళ అటకల మీదే ఉంది. రేడియో ముందు కూర్చుని పాటలు రాసుకున్న నోటుపుస్తకాలు, కొలంబో నుంచి వచ్చిన జాబులు, ఆ ప్రసారాలను పట్టిన క్యాసెట్లు మీ ఇంట్లో ఉంటే పారేయకండి. క్యాసెట్లను వెంటనే డిజిటల్‌లోకి మార్పించండి, టేపు ఏటేటా పాడవుతుంది. పుస్తకాలనూ జాబులనూ దగ్గరలోని మంచి గ్రంథాలయానికి అప్పగించండి. విన్నవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళ చేత చెప్పించి రికార్డు చేయండి.

(వచ్చే భాగంలో: 1967లో వివిధ భారతికి ప్రకటనలు వచ్చిన కథ)